అరిగిన పుస్తకాల కాలేజీ

ఎదురింటి ఇన్సూరెన్సు ఆయన భార్య పాలబూత్ దగ్గర అందట, "మన బస్సు డ్రైవరు గారమ్మాయి కాలేజీ మారుతోందట కదా" అని. పాలబూత్ అతను ఆ మాట బస్సు కండక్టరుకు చేరవేసేసరికి అది "మారనని మొండికేసిందట"గా మారింది. కండక్టరు దాన్ని తన డ్రైవరు చెవిలో, అంటే సాక్షాత్తూ ఆ అమ్మాయి తండ్రి చెవిలో, మూడో స్టాపుకూ నాలుగో స్టాపుకూ మధ్య వేసేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి.

"కాలేజీ ఎదురుగా పుస్తకాలు బైండింగు చేసే కుర్రాడున్నాడు కదన్నా, వాడి మాట విని చేరిందట, వాడి మాట వినే ఉండిపోతోందట. ఇందులో నా కల్పన ఒక్కటీ లేదన్నా. విన్నది చెప్పాను."

ఆ రోజు బస్సు నాలుగో స్టాపులో ఆగలేదు. దిగాల్సినవాళ్ళు గోలగోలగా అరిచారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ చిక్కేమిటంటే, నిప్పు ఎక్కడుందో ఆ అమ్మాయికే తెలియదు. కాలేజీ మారాలో వద్దో తెలియదు. బైండరు చెప్పింది మంచి మాటని వింటోందో, చెప్పింది బైండరని వింటోందో అసలే తెలియదు. ఇంట్లో ఆమెకు తక్కెడ అని పేరు. చెప్పులు కొనడానికి వెళితే ఒక కాలికి ఒక రకం, రెండో కాలికి ఇంకో రకం తొడుక్కుని కొట్టంతా నాలుగు చుట్లు తిరిగి, చివరికి పాత చెప్పులతోనే ఇంటికి వచ్చే బాపతు.

ఇదంతా రెండు నెలల కిందట రెండు ఉత్తరాలతో మొదలైంది.

డిగ్రీ పూర్తయింది. వృక్షశాస్త్రంలో పీజీ చేయాలి. ఆ ఒక్క విషయంలో మాత్రం తక్కెడ ఏనాడూ ఊగలేదు. దారిన పోతూ కొత్త ఆకు కనబడితే తుంచి వెనక్కి తిప్పి చూడకపోతే ఆమెకు కాలు ముందుకు పడదు. ఊళ్ళో ఉన్న రెండు కాలేజీలూ సీటు ఇస్తామని ఉత్తరాలు రాశాయి. ఒకటి ఊరి చివర ఆరంతస్తుల అద్దాల మేడ. అందరూ దాన్ని లిఫ్టు కాలేజీ అంటారు. రెండోది ఊరి నడిబొడ్డున పాతకాలపు పెంకుల కాలేజీ.

ఇక చూడాలి సలహాలు!

మేనమామ, "బిల్డింగు చూసి చేరవే" అన్నాడు. ఆయనది సిమెంటు వ్యాపారం. అమ్మ పెంకుల కాలేజీ అంది. ఆమె నర్సు, ఆ పక్క వీధి ఆసుపత్రిలో డ్యూటీ. మధ్యాహ్నం తోడుగా కూర్చుని తినడానికి కూతురుంటుందని ఆశ. నాన్న లిఫ్టు కాలేజీ అన్నాడు. ఆయన నడిపే బస్సుకు అదే ఆఖరి స్టాపు.

"నా వెనక సీటు నీదే అమ్మడూ. పొద్దున్న నేనే దించుతా, సాయంత్రం నేనే ఎక్కించుకుంటా."

ఇరవై ఒక్కేళ్ళ పిల్ల రెండేళ్ళపాటు రోజూ రెండుసార్లు తండ్రి అద్దంలో కనబడుతూ ప్రయాణం చేయాలన్నమాట. ఎవరి సలహా విప్పి చూసినా, లోపల వాళ్ళ సౌకర్యమే కాళ్ళు బార్లా చాపుకుని కూర్చునుంది.

ఆ తికమకలోనే ఒక మధ్యాహ్నం, తన డిగ్రీ ప్రాజెక్టు బైండింగు చేయించుకుందామని పెంకుల కాలేజీ ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్ళింది. బయట వాన. ఏ కాలేజీలో కురవాలో తేల్చుకోలేనట్టు అటోసారి ఇటోసారి వాలుతోంది. ఆమె ఒక్క అంగలో లోపలికి దూరి, చేతిలో కాగితాలు తడవకూడదని ఎదురుగా కనబడ్డ బల్ల మీద పెట్టేసింది.

"తీయండి! తీయండి తీయండి తీయండి!"

అరిచినవాడి చేతిలో కుంచె, చెవి మీద పెన్సిలు, చొక్కా నిండా దారప్పోగులు. పాతికేళ్ళు ఉండవు.

"ఏమైంది?"

"జిగురు."

ఆమె కాగితాలు ఎత్తబోయింది. పైవి వచ్చాయి. అన్నిటికన్నా అడుగున ఉన్నది రాలేదు. అది లిఫ్టు కాలేజీ ఉత్తరం. ఎవరిదో లావుపాటి పుస్తకం అట్టకు అతుక్కుని హాయిగా పడుకుంది.

"బల్ల నిండా జిగురు పూసి ఎవరైనా అలా వదిలేస్తారా?"

"బైండింగు కొట్లో బల్ల మీద జిగురు కాక పరుపు పరుస్తారా అండీ?"

"బోర్డు పెట్టచ్చుగా!"

"పెట్టాను. దాని మీదే మీ గొడుగు తగిలించారు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. నిజమే. గొడుగు చివర నుంచి కారే నీళ్ళు 'జాగ్రత్త' అన్న మాటలో సగం చెరిపేశాయి కూడా. ఆమెకు కోపం ఇంకాస్త పెరిగింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపానికి బలం ఎక్కువ.

అతను కెటిల్‌లో నీళ్ళు మరిగించి, ఆవిరి మీద అట్టను అటూ ఇటూ తిప్పుతూ, పల్చటి కత్తితో ఉత్తరాన్ని కొద్దికొద్దిగా లేపాడు. పసిపిల్లకు కట్టు విప్పుతున్నంత నెమ్మదిగా లేపాడు. లేపుతూ లేపుతూ చదివేశాడు కూడా.

"లిఫ్టు కాలేజీలో చేరుతున్నారా?"

"ఇంకోటి కూడా ఉంది. ఎదురుగా ఉన్నది."

"ఏదనుకుంటున్నారు?"

"మీకెందుకండీ?"

"నాకేం లేదు. రెంటి కడుపులూ నాకు తెలుసు కాబట్టి అడిగాను."

"కాలేజీలకు కడుపులేంటి?"

అతను ఉత్తరాన్ని ఆరబెట్టి, అరలోంచి రెండు పుస్తకాలు తెచ్చాడు. రెండు కాలేజీల లైబ్రరీల పనీ ఆ కొట్టుకే వస్తుంది. మొదటిది లిఫ్టు కాలేజీది. తెరిస్తే కొత్త తలుపులా కిర్రుమంది. లోపల రెండు పేజీలు అచ్చు వేసిన నాటి నుంచి విడదీయకుండా అంటుకునే ఉన్నాయి.

"ఇవి చిరిగి రావు. నంబరు చీటీలు అంటించమని వస్తాయి, అంతే. ఇప్పుడిది చూడండి."

రెండోది పెంకుల కాలేజీది. అట్ట ఊడింది, కుట్టు తెగింది, అంచులు మెత్తబడి గుడ్డలా అయిపోయాయి. చివరి చాప్టరు దాకా వేలిముద్రలు. మార్జిన్లలో పెన్సిలు ప్రశ్నలు, వాటి కింద వేరే చేతిరాతలో జవాబులు, ఆ జవాబు తప్పంటూ మూడో చేతిరాత.

"కాలేజీ చూడ్డానికి వెళ్ళి అందరూ గోడలు చూస్తారండీ. గోడలు చదువు చెప్పవు. క్యాంటీన్లో కూర్చుని ఏడాది ముందు చేరినవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినాలి. లైబ్రరీలో పుస్తకాలు ఏ పేజీ దాకా నలిగాయో చూడాలి. మొదటి చాప్టరు ఎక్కడైనా నలుగుతుంది. చివరిది నలిగిందంటే అక్కడ చెప్పేవాళ్ళూ ఉన్నారు, చదివేవాళ్ళూ ఉన్నారు."

మొదటిసారి ఒకరు తమ సౌకర్యం కలపకుండా సలహా ఇచ్చారనిపించింది ఆమెకు. మార్జిన్లలో పెన్సిలు గొడవలు చూస్తుంటే అందులోకి తనూ దూరాలనిపించింది.

"మీరెక్కడ చదివారు?"

"ఎదురుగానే. రెండో ఏట మా నాన్నకు చూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం ఆ నలిగిన పుస్తకం మీదే ఉన్నాయి.

మర్నాడే ఆమె పెంకుల కాలేజీలో చేరింది. తక్కెడ ఒక్కరోజులో తేల్చడం ఇంట్లో అదే మొదలు. అమ్మ పొంగిపోయింది. నాన్న బస్సులో తన వెనక సీటు మీద పదిరోజులు ఎవరినీ కూర్చోనివ్వలేదు.

రెండో వారంలో ఆమె లైబ్రరీకి వెళ్ళి సిలబసులో ఉన్న పెద్ద పుస్తకం, కొట్లో చూసిన ఆ అరిగినదే, అడిగింది.

"ఒక్కటే కాపీ అమ్మా," అంది లైబ్రేరియన్ మేడమ్, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "మీ క్లాసులో పంతొమ్మిది మంది. మనిషికి వారం. నీ వంతు..." రిజిస్టరు తిప్పింది. "పదహారో వారం."

"పరీక్షలు పద్నాలుగో వారం కదండీ?"

"అవును. పరీక్షలయ్యాక తీరిగ్గా చదువుకో."

ఆమె రోడ్డు దాటిందో, రోడ్డే ఆమె కింద నుంచి జరిగిందో, నిమిషంలో కొట్లో ఉంది.

"ఎందుకు అరిగిందో తెలిసిందండీ మీ పుస్తకం! కాలేజీ మొత్తానికి ఒక్కటే కాపీ! ఏళ్ళ తరబడి అందరూ దాన్నే లాక్కుని చదివితే అరగక ఏం చేస్తుంది!"

అతని చేతిలో సూది ఆగిపోయింది.

"ఒక్కటేనా?"

"ప్రతి ఏడూ కుట్టేది మీరేగా! వచ్చేది అదే పుస్తకమని తెలియలేదా?"

"ప్రతి ఏడూ కొత్త అట్ట నేనే వేస్తాను. మళ్ళీ వచ్చినప్పుడు నా అట్టే కదా, నేను కుట్టిన వందల్లో ఇదొకటి అనుకునేవాణ్ణి." తల గోక్కున్నాడు. జిగురు జుట్టుకు అంటుకుంది. "అరుగుదల చూశాను గానీ, కాపీలు ఎన్నో చూడలేదండీ. పొరపాటే."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆమె తెచ్చుకున్న తిట్లన్నీ మిగిలిపోయాయి. వాటిని ఏం చేయాలో తెలియక ఇంకో ప్రశ్న వేసింది.

"నిజం చెప్పండి. కాలేజీ గేటు మీ కొట్టుకు ఎదురుగా ఉందని కాదు కదా నన్ను చేరమన్నది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను చెవి మీద పెన్సిలు తడుముకున్నాడు.

"జిగురు ఆరిపోతోందండీ," అన్నాడు.

అదేం జవాబు? అవుననా, కాదనా? ఆమె ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని ఆ రెండు మాటల్నీ అటూ ఇటూ తూచింది. కాదంటే ఎందుకో చిన్నబుచ్చుకున్నట్టుంది. అవునంటే మోసపోయినట్టుంది. రెంటికీ మధ్యలో చల్లారిపోయిన అన్నం ఉంది.

నాలుగో వారంలో, ఆ పెద్ద పుస్తకం కుట్టు మళ్ళీ తెగి కొట్టుకు వచ్చింది. దాని వెనకాలే ఆమె వచ్చింది, చేతిలో లైబ్రేరియన్ మేడమ్ రాసిచ్చిన చీటీతో.

"దీన్ని కోసేయండి."

"ఏంటండీ?"

"పంతొమ్మిది చాప్టర్లు, పంతొమ్మిది మందిమి. చాప్టరుకొక చిన్న పుస్తకంగా కుట్టండి. వారం వారం మార్చుకుంటాం. మేడమ్ ఒప్పుకున్నారు. మొదట కళ్ళజోడు తీసి ఏడవబోయారు, తర్వాత ఒప్పుకున్నారు."

"నేను కుట్టేవాణ్ణండీ, కోసేవాణ్ణి కాను."

"ఈ కాలేజీలో చేర్పించింది ఎవరు?"

ఆ మాటకు కత్తి బయటికొచ్చింది.

మూడు సాయంత్రాలు పట్టింది. అతను కుట్టు విప్పితే ఆమె పేజీలు వరుస పెట్టింది. అతను గుడ్డ కత్తిరిస్తే ఆమె రంగులు ఎంచింది. వేళ్ళ చాప్టరుకు మట్టిరంగు, ఆకులకు పచ్చ, పూలకు ఏ రంగో తేల్చుకోలేక గంటసేపు తూచింది. ఆ గంటా అతను ఒక్క మాట తొందరపెట్టలేదు. ఎర్ర గుడ్డ, పసుపు గుడ్డ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"చేతులు నొప్పి పుట్టట్లేదా?" అంది చివరికి.

"పుడుతున్నాయి. తేల్చేస్తే దించేయాలి కదాని చూస్తున్నాను."

దించేస్తే ఏమవుతుంది? ఆమెకు అర్థం కాలేదు. అర్థమైనట్టు కూడా ఉంది. మొహం గుడ్డ రంగులోకి మారింది. ఎర్రదే ఖాయమైంది.

తర్వాత కాలేజీలో జరిగింది ఆమె కూడా ఊహించలేదు. ఆరో చాప్టరు తెలియకుండా ఏడో చాప్టరు బోధపడదు. ఏడు దొరికినవాడు ఆరు చదివినవాళ్ళని వెతుక్కుంటూ పోవాలి. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోని క్లాసు, కారిడార్లో చాప్టరు నంబర్లతో పిలుచుకోవడం మొదలుపెట్టింది. "ఒరే పన్నెండూ, ఇట్రా" అంటే ఒకడు పరుగెత్తుకొచ్చేవాడు. బుధవారం బుధవారం ఒకరు తమ చాప్టరు బోర్డు మీద చెప్పాలని ఆమె పట్టుబట్టింది. మూడో బుధవారానికి లెక్చరరు గారు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నారు, నోట్సు రాసుకుంటూ.

సరిగ్గా అప్పుడు నాన్న ఒక ఫారం తెచ్చాడు. లిఫ్టు కాలేజీలో ఒక సీటు ఖాళీ అయింది. శనివారం మధ్యాహ్నం లోపల మారవచ్చు. ఆ తర్వాత రెండేళ్ళూ ఎక్కడివాళ్ళు అక్కడే.

"ఆ ఒక్క పుస్తకంతో నీ చదువు నాశనం చేసుకోకు అమ్మడూ. అక్కడ అన్నీ ఉన్నాయట."

ఆమె ఫారం పట్టుకుని తిన్నగా కొట్టుకు వెళ్ళింది.

"ఉండనా, వెళ్ళనా?"

"వెళ్ళండి," అన్నాడు అతను.

ఆమె గుండెలో ఏదో కుట్టు తెగింది.

"ఆలోచించకుండానే చెప్పేశారే!"

"ఆలోచించాను. సీటు ఖాళీ అయిందని ఆ లైబ్రరీవాళ్ళే మొన్న చెప్పారు. నిన్న వెళ్ళి చూసొచ్చాను." చెవి మీద పెన్సిలు వెనకాల నుంచి ఒక చీటీ తీశాడు. "ఆ పెద్ద పుస్తకం పదకొండు కాపీలు. మైక్రోస్కోపులు మనిషికొకటి. ఎవరూ తాకకపోతే మీకే మంచిది, అన్నీ మీవే. మొక్కల తోట కూడా ఉంది వెనకాల."

"ఎక్కడెక్కడ ఏమున్నాయో లెక్కపెట్టి మరీ సాగనంపుతున్నారన్నమాట."

"అది కాదండీ..."

"జిగురు ఆరిపోతోంది, చూసుకోండి."

గొడుగు తీసుకుని వచ్చేసింది. మూడు రోజులు ఆ వైపు తల తిప్పలేదు. కాలేజీ గేటులోంచి బయటికి వస్తూ అవతలి గోడ మీద సినిమా పోస్టరును ఎంత శ్రద్ధగా చూసిందంటే, హీరో చొక్కాకు ఎన్ని గుండీలో అడిగితే చెప్పగలదు. వెళ్ళమన్నాడు. అంటే అక్కర్లేదనా? చీటీ రాసి మరీ చూసొచ్చాడు. అక్కర్లేనివాళ్ళ కోసం ఎవరైనా ఊరి చివర దాకా వెళ్ళి మైక్రోస్కోపులు లెక్కపెడతారా? ఎదురింటావిడ నోట పాలబూత్ దగ్గర మాట పుట్టిందీ, బస్సు నాలుగో స్టాపు దాటిపోయిందీ ఆ మూడు రోజుల్లోనే.

శుక్రవారం ఆమె వంతు. లెక్చరరు గారికి తీరిక దొరికింది ఆ రోజేనని బుధవారం క్లాసు శుక్రవారానికి జరిగింది. ఆమెది తొమ్మిదో చాప్టరు, ఎండిపోయినట్టు కనబడే విత్తనం లోపల ఏం జరుగుతుందన్నది. బోర్డు మీద గీసింది, చెరిపింది, పన్నెండో నంబరువాడితో పోట్లాడింది, లెక్చరరు గారు అడిగినదానికి తెలియదని చెప్పింది, అప్పుడు అందరూ కలిసి వెతికి పట్టుకున్నారు. గంట మోగింది. చాక్‌పీసు కింద పెట్టాక గానీ ఆమెకు గుర్తు రాలేదు, ఇంట్లో ఒక ఫారం ఉందని. ఆ గంటసేపూ తక్కెడ ఒక్కసారి కూడా ఊగలేదు.

శనివారం పదకొండింటికి నాన్న యూనిఫాంలోనే కొట్లోకి వచ్చాడు, వెనకాల కూతురు. జేబులో ఫారం.

"ఏమయ్యా, మా అమ్మాయిని కాలేజీ మారనివ్వనిది నువ్వేనా?"

బైండరు లేచి నిలబడ్డాడు. ఒళ్ళో ఉన్న దారపుండ కింద పడి దొర్లుకుంటూ పోయింది.

"లేదండీ. మారమనే చెప్పాను."

"ఆఁ?"

"పంపించేయండి. అక్కడ పుస్తకాలున్నాయి, తోట ఉంది. సంతకం పెట్టేయండి, పన్నెండు దాటితే తీసుకోరు."

పోట్లాటకు చొక్కా చేతులు మడుచుకుని వచ్చిన మనిషికి పోట్లాట దొరకలేదు. నాన్న కూతురి వైపు చూశాడు, అతని వైపు చూశాడు.

"అంటే నువ్వు నా పక్షమా?"

"అవునండీ."

"మరి ఆ రోజు ఇక్కడే చేరమని ఎందుకు చెప్పావయ్యా?"

అతను చెవి మీద పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి జిగురు వంక చూడలేదు.

"ఆ రోజు పుస్తకం గురించి చెప్పిందంతా నిజమేనండీ, నాకు తెలిసినంత వరకు. కానీ పుస్తకం కొత్తదైనా ఇక్కడే చేరమనేవాణ్ణి. తను వానలో లోపలికి వచ్చి, తప్పు తనదై ఉండి నన్ను కేకలేస్తుంటే, రోజూ ఈ గేటులోంచి వస్తే బాగుండుననిపించింది. మొదటిసారి అడిగినప్పుడు నా కోసం చెప్పాను. రెండోసారి అడిగినప్పుడు తన కోసం చెప్పాను. రెండోదే వినమనండి."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆమె దారపుండ తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టింది. నాన్న జేబులోంచి ఫారం లాగి, అడ్డంగా రెండు ముక్కలు చేసింది.

"అమ్మడూ!"

"నేను ఉంటున్నాను నాన్నా."

"అతనే వెళ్ళమంటున్నాడు కదే!"

"వెళ్ళమన్నా ఉంటున్నాను."

నాన్న టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఒకే రూట్లో బస్సు నడిపిన మనిషికి ముందు దారి కనబడకపోవడం అదే మొదటిసారి.

"నాకు ఒక్క మాట చెప్పు. సూటిగా చెప్పు. నువ్వు ఉంటున్నది కాలేజీ కోసమా, ఇతని కోసమా?"

"కాలేజీ కోసమే నాన్నా. ఇతని కోసమైతే ఏ కాలేజీలో ఉన్నా వస్తాను."